వరదలో మునిగిన బాబీ బండి: పట్టేసిన ముందు ఫోర్కును పైపు చెడకుండా విడిపించడం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. మీ మామగారి రాజ్‌దూత్ బాబీ (పాత మినీ మోటార్‌సైకిలు) తిరుచానూరు రోడ్డు పక్కన షెడ్డులో ఉండగా 2021 నవంబరు వరదలో ముందు చక్రం మునిగేదాకా నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక దాని జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు బయటికి తీస్తే ఇంజన్ తిరుగుతోంది గానీ ముందు ఫోర్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. హ్యాండిల్ మీద మనిషి ఒళ్లంతా ఆనించి తోసినా వెంట్రుకవాసి దిగడం లేదు. దగ్గర్లోని మెకానిక్ గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే వచ్చేస్తుందన్నాడు, కొట్టించమంటారా అని అడుగుతున్నావు.

కొట్టించవద్దు. పట్టేసిన ఫోర్కును ఊడదీయడం ఎవరి వల్లయినా అవుతుంది. ఊడదీశాక పైపు మీది క్రోము, ఆ పైపు దూరి జారే బాటమ్ (ఫోర్కు కింది తొడుగు) లోపలి గోడ మళ్లీ పనికొచ్చేలా మిగలాలి, కష్టమంతా అక్కడుంది. బాబీ ఉత్పత్తి ఆగిపోయి దశాబ్దాలైంది. దాని ఫోర్కు పైపు కావాలంటే చెన్నై పుదుప్పేటలో పాత సామాన్ల గుట్టలు వెతకాలి, దొరికినా అది నీ పైపుకంటే మంచి స్థితిలో ఉంటుందని చెప్పలేం. కాబట్టి ముందు నానబెట్టాలి, తర్వాత మెల్లగా తిప్పాలి, ఆ తర్వాతే లాగాలి. ఓపిక పట్టగలిగితే ఇలా పట్టేసిన ఫోర్కుల్లో చాలావరకు ఈ వరసలోనే విడిపోతాయి.

ముందు ఎందుకు పట్టేసిందో అర్థం చేసుకో, ఎందుకంటే చేసే పని అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పైపుకూ బాటమ్‌కూ మధ్య ఉండే సందు చాలా తక్కువ, కొత్తలో మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. ఇనుము తుప్పుగా మారితే అది పట్టే చోటు అసలు ఇనుముకు రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. అంటే పైపు మీద పలచటి పొర తుప్పు పట్టినా ఆ సందు పూర్తిగా నిండిపోయి, గోడను లోపలి నుంచి గట్టిగా ఒత్తుతూ ఉంటుంది. నీ బాటమ్ అల్యూమినియందైతే దీనికి ఇంకో బాధ తోడవుతుంది. ఉక్కు, అల్యూమినియం, మధ్యలో బురదనీళ్లు కలిస్తే బ్యాటరీలో జరిగే చర్యే అక్కడా జరిగి, అల్యూమినియం తెల్లటి పొడిగా మారి సందులో గడ్డకడుతుంది. బాటమ్‌కు అయస్కాంతం ఆనించి చూడు. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే వేడి ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుస్తుంది.

అసలు ఫోర్కే పట్టేసిందా అన్నది కూడా తేల్చుకో. నువ్వు రాసినదాన్ని బట్టి తుప్పే కారణమనిపిస్తోంది గానీ, పాత బండ్లలో ఇంకో రెండు మూడు కారణాలు ఇలాగే మోసం చేస్తాయి. ఎవరో ఎప్పుడో యాక్సిల్ (చక్రం ఇరుసు) దగ్గర ఒక స్పేసర్ (సందు నింపే రింగు) పారేసి నట్టు బలంగా బిగించి ఉంటే, రెండు బాటమ్‌లూ కింద లోపలికి వంగి పైపులను పక్కకు పట్టేస్తాయి. మడ్‌గార్డు పట్టీ పొడవు తక్కువైనా అంతే. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి, చక్రం తీసెయ్, మడ్‌గార్డు బోల్టులు విప్పెయ్. ఇప్పుడు ఒక్కో బాటమ్‌ను విడిగా పట్టుకుని పైకి తోసి చూడు. ఒకటి కదిలి రెండోది కదలకపోతే సగం పని తప్పినట్టే. రెండూ కదిలాయంటే రోగం ఫోర్కులో లేదు, బిగింపులో ఉంది.

ఇంకో మాట. పైపుకు లోపల ఎండి మైనంలా గట్టిపడిన పాత గ్రీజు ఉన్నా ఫోర్కు కదలదు. బాటమ్ మీద మరిగే నీళ్లు పోసి కొంచెంసేపు ఆగి తోస్తే అది కాస్తయినా లొంగుతుంది, అలా లొంగితే తుప్పు కాదని అర్థం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బాబీకి కంపెనీ ఏ ఫోర్కు ఇచ్చిందని పుస్తకం పట్టుకుని కూర్చోవద్దు. 1973లో 'బాబీ' సినిమా వచ్చి ఆ పేరు పడినప్పటి నుంచి ఈ బండ్లు ఎన్ని చేతులు మారాయో లెక్క లేదు. దొరికిన పైపు, సరిపోయిన స్ప్రింగు, వేరే బండి బాటమ్ వేసినవి తరచూ కనబడతాయి. నీ ముందున్న ఫోర్కు ఏ రకమో దాన్ని చూసే తేల్చాలి. మినీ బండ్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్ప్రింగూ గ్రీజూ మాత్రమే ఉండేది. హోండా మంకీ పాత మోడళ్లలో ఇలాంటిదే ఉంటుంది, ఆయిలూ ఉండదు, ఊపును అదుపు చేసే డాంపరూ ఉండదు. దీంట్లో బాటమ్ పై అంచున మరలున్న రింగు గానీ, దుమ్ము రబ్బరు కింద దాగిన లాక్ క్లిప్ గానీ పైపును పట్టుకుని ఉంటుంది. రెండోది ఆయిల్ ఫోర్కు. దీనికి బాటమ్ పక్కన, కింది భాగంలో చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, యాక్సిల్ దగ్గర అడుగున లోపలికి గుంతలో ఆలెన్ బోల్టు ఉంటుంది. ఆ బోల్టు డాంపర్ రాడ్డును పట్టుకుని ఉంటుంది. అది విప్పకుండా ఎంత లాగినా పైపు పూర్తిగా రాదు. తుప్పు వదిలినా ఇంకా పట్టేసిందనుకుని అక్కడే చాలామంది బాటమ్‌ను పగలగొట్టుకుంటారు.

టార్చిలైటు వేసి బాటమ్ అడుగు చూడు. బురద గట్టిగా పట్టి గుంత కనబడకపోవచ్చు. పాత టూత్‌బ్రష్షూ కిరోసినూ తీసుకుని అక్కడ శుభ్రంగా తోము.

ఫోర్కును బండిలో నుంచి తీసే ముందు పై క్యాపులు వదులు చెయ్యి. టీ (పైపులను పైన పట్టుకునే అడ్డ బిగింపు) బోల్టులు బిగించి ఉండగానే క్యాపు వదులైతే సులువు, తీశాక చేతిలో పైపు తిరుగుతుంటే క్యాపు రాదు. క్యాపు కింద స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది. ముఖం దాని మీద పెట్టి విప్పొద్దు. చివరి మరలకు వచ్చినప్పుడు అరచేతిలో గుడ్డ పెట్టి బలంగా అదిమి పట్టి, మెల్లగా వదులు. అది ఎగిరితే పళ్లు రాలతాయి.

హెడ్ పైపు (హ్యాండిల్ తిరిగే ఛాసిస్ గొట్టం) దగ్గర తుప్పు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా బండ్లకు ఛాసిస్ నంబరు అక్కడే కొట్టి ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్తే ఇన్‌స్పెక్టర్ మొదట చూసేది దాన్నే. ఆ నంబరు మీద గ్రైండర్ గానీ ముతక ఎమరీ గానీ తగలనివ్వొద్దు, గుడ్డకు డీజిల్ తడిపి తుడిస్తే చాలు.

ఇప్పుడు నానబెట్టడం. అందరూ పైనుంచి స్ప్రే కొట్టి, అరగంట ఆగి, రాలేదని సుత్తి పట్టుకుంటారు. ఆయిల్ సీలు అక్కడ ఉన్నది ద్రవాన్ని ఆపడానికే కదా, పైనుంచి కొట్టినది దాన్ని దాటి తుప్పు దగ్గరికి ఎలా వెళ్తుంది? అందుకని సీలు ముందు తీసెయ్యాలి. దుమ్ము రబ్బరు పైకి జరుపు. దాని కింద తీగ లాంటి లాక్ ఉంటే సన్నటి స్క్రూ డ్రైవర్‌తో ఎత్తి తీసెయ్. సీలు మీద, పైపుకు దూరంగా బయటి అంచు వైపు, చిన్న బిట్టుతో రెండు రంధ్రాలు వేసి, రెండు చెక్క మరలు కొంచెం ఎక్కించి, ప్లయర్‌తో ఆ మరలను పట్టి లాగితే సీలు పైకి వస్తుంది. డ్రిల్లు లోపలి వైపు జారితే పైపు మీద గీత పడుతుంది, ఆ గీత అక్కడ శాశ్వతంగా ఉండిపోతుంది. బిట్టుకు టేపు చుట్టి రెండు మూడు మిల్లీమీటర్లే బయట ఉంచితే లోతుకు దిగదు. సీలు పాడైపోతుందని బాధపడకు, అది ఎలాగూ మార్చాల్సిందే.

ఆయిల్ ఫోర్కైతే డ్రెయిన్ స్క్రూ తీసి లోపల ఉన్నది బయటికి పంపు. వరదలో మునిగిన ఫోర్కు నుంచి ముందు కాఫీ రంగులో నీళ్లు వస్తాయి, వాటి వెనక బూడిద రంగు జిగట వస్తుంది. అది వచ్చిందంటే నీళ్లు ఇన్నేళ్లూ లోపలే కూర్చున్నాయన్నమాట. పై నుంచి డీజిల్ పోసి కడిగి, తేటగా వచ్చేదాకా వంపు.

నానబెట్టడానికి నేను వాడేది ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు పోసే ఏటీఎఫ్ ఆయిలూ, అసిటోనూ సమంగా కలిపినది. అసిటోన్ హార్డ్‌వేర్, పెయింటు దుకాణాల్లో దొరుకుతుంది. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కలవవు, ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి. అసిటోన్ పెయింటును తినేస్తుంది, ఆవిరికే అంటుకుంటుంది కాబట్టి బయట గాలిలో, బీడీ సిగరెట్టు దగ్గర లేకుండా పని చెయ్యి. అది దొరక్కపోతే మంచి పెనెట్రేటింగ్ ఆయిల్ డబ్బా కొను. మామూలు డబ్ల్యూడీ-40 తేమ తీయడానికి బాగుంటుంది, ఇంత పాత తుప్పుకు దాని శక్తి చాలదు. ఏదీ లేకపోతే డీజిలూ పనిచేస్తుంది, టైము ఎక్కువ తీసుకుంటుంది.

ఫోర్కును నిలబెట్టి, సీలు తీసిన గుంతలో ఆ ద్రవం నిండా పోసి వదిలెయ్. మర్నాడు లోపల కూడా కాస్త పోసి, పైక్యాపు బిగించి, తలకిందులుగా నిలబెట్టు. తుప్పు రెండు వైపుల నుంచీ నానాలి. ఇలా వారం పాటు, రోజుకొకసారి మార్చి మార్చి. పోసిన ప్రతిసారీ బాటమ్ పక్కన నైలాన్ సుత్తితో చుట్టూ తడుతూ రా. గట్టిగా కొట్టక్కర్లేదు, టకటకమని అదిరితే చాలు, ఆ అదురుకే ద్రవం సందుల్లోకి దిగుతుంది. మూడో రోజో నాలుగో రోజో సీలు గుంతలో ద్రవం మట్టం తగ్గడం, దాని రంగు ఇటుక రంగులోకి తిరగడం కనబడితే తుప్పు విడుతోందన్నమాట. మట్టం అలాగే ఉండిపోతే నువ్వు ఇంకా లాగే ప్రయత్నం చెయ్యొద్దు, మరో వారం ఆగు.

బాత్రూం కడిగే ఆసిడ్ పోస్తే తుప్పు క్షణాల్లో పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఆసిడ్ క్రోమును కూడా కరిగిస్తుంది. తుప్పు పోతుంది, దానితో పాటు పైపు కూడా పోతుంది. దయచేసి ఆ పని చెయ్యకు.

నానాక ముందు తిప్పు, లాగకు. ఊరగాయ జాడీ మూత బిగుసుకుంటే ఎవరూ పైకి లాగరు, అటూ ఇటూ తిప్పుతారు. ఇక్కడా అదే. పట్టుకోవడానికి బెంచ్ వైసు వాడొద్దు, దాని పళ్లు పైపును కొరికేస్తాయి. అన్నిటికంటే మంచి వైసు నీ బండే. పైపును మళ్లీ టీలో ఎక్కించి, పైనా కిందా బోల్టులు బిగించి, బండిని స్తంభానికి తాడుతో కట్టెయ్. బాటమ్ కింద యాక్సిల్ రంధ్రంలో పాత యాక్సిల్ గానీ దానికి సరిపోయే రాడ్డు గానీ దూర్చు. అదే నీకు పిడి. ఇప్పుడు రెండు చేతులతో కుడికి కొంచెం, ఎడమకు కొంచెం తిప్పు. పిడిని పొడవు చెయ్యడానికి గొట్టం తగిలించొద్దు. చేతి బలానికి కదలనిది గొట్టానికి కదిలిందంటే యాక్సిల్ చెవి విరిగిందేమోనని అనుమానించాలి. గ్రీజు రకం ఫోర్కుల్లో కొన్నింటికి స్ప్రింగు రెండు చివరలూ మరలాగా తిప్పి బిగించి ఉంటాయి, అలాంటివాటిలో పూర్తి చుట్టు తిప్పితే స్ప్రింగు మెలిపడి పాడవుతుంది. కాబట్టి ఏ రకమైనా గడియారం పెద్ద ముల్లు అయిదు నిమిషాలకు కదిలేంత మేర చాలు.

మొదటి కదలిక చేతికి ఎలా తెలుస్తుందో చెబుతాను. కిర్రుమని చప్పుడు రాదు. పిడిలో చిన్నగా టిక్కుమన్నట్టు తెలుస్తుంది, అంతే. వెంటనే ఆపి సీలు గుంత వైపు చూడు. పైపు చుట్టూ సన్నటి గోధుమ రంగు గీత తేలి, అందులో నుంచి చిన్న చిన్న బుడగలు వస్తాయి. అది కనబడగానే తిరిగి ద్రవం పోసి ఆ రోజుకు ఆపెయ్. అప్పుడే ఉత్సాహంతో లాగితే విడిన తుప్పు పొడి ముద్దయి ఇంకో చోట ఇరుక్కుంటుంది, రాపిడికి అల్యూమినియం గోడ చీరుకుపోతుంది. మర్నాడు ఆ తిరిగే మేర కొంచెం పెరుగుతుంది. తిప్పుతూ, కాస్త పైకి తోసి, కాస్త కిందికి లాగి, కడుగుతూ పోవాలి.

వారాలు నానినా తిరగలేదంటే అప్పుడు వేడి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రాన్ని వంద డిగ్రీలు వేడెక్కిస్తే ఉక్కు పైపుతో పోల్చినప్పుడు ఓ 0.03 మిల్లీమీటరు సందు ఎక్కువ దొరుకుతుంది. అది చిన్న సంఖ్యలా కనబడుతుంది గానీ, పట్టేసిన పైపుకు అంతే కావాలి. దానికి గ్యాసు మంట అక్కర్లేదు. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లించి బాటమ్ మీద ధారగా పోస్తూ, పైపుకు తడిగుడ్డ చుట్టి చల్లగా ఉంచి, ఇంకొకరు పిడి తిప్పాలి. చల్లారేటప్పుడు ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి వేడీ చల్లదనం మార్చి మార్చి ఇచ్చినకొద్దీ మేలు. నీళ్లు పోసే ముందు అసిటోన్ కలిసిన ద్రవం వంచేసి తుడిచెయ్, స్టవ్వు అక్కడికి దూరంగా ఉండాలి.

ఎర్రగా కాల్చడం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. అల్యూమినియం ఎర్రబడకముందే కరిగిపోతుంది, అంతకు చాలా ముందే, రెండు వందల డిగ్రీల దగ్గరే, దాని బలం తగ్గడం మొదలవుతుంది. ఉక్కు పైపు ఎర్రబడితే దాని గట్టిదనం పోతుంది, క్రోము పొరలుగా లేస్తుంది. ఆ తర్వాత అది చూడ్డానికి ఫోర్కులా ఉన్నా, చంద్రగిరి రోడ్డులో ఒక గుంతలో పడితే వంగిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది. క్యాపు బిగించి ఉన్న ఫోర్కును మంటలో పెడితే లోపలి నీళ్లు ఆవిరై, పేలడానికి దారి వెతుక్కుంటాయి. బ్రేక్ క్లీనర్ కొట్టిన భాగాన్ని కూడా మంటకు చూపొద్దు, కొన్ని రకాల్లో ఉండే క్లోరిన్ ద్రావకం కాలితే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది.

నీ బాటమ్ ఉక్కుదైతే ఈ వేడినీళ్ల ఉపాయం అంతగా పనిచెయ్యదు, రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. దానికి, అలాగే దేనికీ లొంగని అల్యూమినియానికి, గ్రీజు గన్ను ఉంది. నాకు ఈ పద్ధతి అంటే చాలా నమ్మకం. ముందు అడుగు ఆలెన్ బోల్టు తీసెయ్యాలి. విప్పుతుంటే లోపలి డాంపర్ రాడ్డు కూడా దాంతో పాటే తిరుగుతుంది. దీనికి స్ప్రింగు లోపలే ఉంచి, క్యాపు బిగించి, నొక్కుడు మీద ఇంపాక్టు గన్నుతో ఒక్క క్షణం కొట్టించు. ఏ టైరు షాపులోనైనా ఉంటుంది. రాకపోతే క్యాపు, స్ప్రింగు తీసి, మాపు కర్ర చివర చెక్కి నాలుగు పలకలుగా చేసి, పైనుంచి దూర్చి డాంపర్ రాడ్డు తలలో దిగేలా రెండు దెబ్బలు కొట్టు. కర్ర దాన్ని పట్టుకుంటుంది, కింద బోల్టు వస్తుంది.

బోల్టు, స్ప్రింగు, డాంపర్ బయటికి వచ్చాక, అడుగు రంధ్రాన్ని పొట్టి బోల్టు, రాగి వాషరుతో మూసెయ్. పైక్యాపుకు లేత్ దగ్గర రంధ్రం చేయించి గ్రీజు నిప్పిల్ (గన్ను మూతి తగిలించే ముక్కు) పెట్టించు. అసలు క్యాపు పాడుచెయ్యకుండా దానికి మరొకటి చేయించుకుంటే ఇంకా మంచిది. పైపు నిండా గ్రీజు చేత్తో కూరి, గాలి లేకుండా చేసి, క్యాపు బిగించి, గన్నుతో నెమ్మదిగా కొట్టు. లెక్క చూడు. పైపు వ్యాసం 27 మిల్లీమీటర్లనుకుంటే దాని అడ్డుకోత దాదాపు 572 చదరపు మిల్లీమీటర్లు. చేతి గన్ను సులువుగా వంద బార్ ఒత్తిడి ఇస్తుంది. అంటే పైపు మీద అయిదు వందల ఎనభై కిలోల దాకా బలం, అదీ పైపు నడిమధ్య నుంచి, నిలువుగా, కుదుపు లేకుండా. సుత్తికి ఇది ఎప్పటికీ చేతకాదు. గ్రీజు నొక్కుకుపోదు కాబట్టి పైపు విడినప్పుడు కొంచెం జరిగి ఆగిపోతుంది.

గాలి కంప్రెసర్‌తో ఈ పని ఎప్పుడూ చెయ్యొద్దు. నొక్కుడులో ఉన్న గాలి పైపును తూటాలా వదులుతుంది. గ్రీజు వాడినా కళ్లద్దాలు పెట్టుకో, చేతులు నిప్పిల్‌కు దూరంగా ఉంచు, ఒత్తిడిలో ఉన్న గ్రీజు చర్మంలోకి దూరితే ఆసుపత్రి పాలవుతావు. గన్ను పిడి చాలా బరువెక్కి, అయినా ఏదీ కదలకపోతే అక్కడే ఆపి రాత్రంతా ఆ ఒత్తిడిలోనే వదిలెయ్. చాలాసార్లు ఉదయానికి పైపు కొంచెం జరిగి ఉంటుంది.

పైపు వచ్చాక దాన్ని పాత టవలుతో తుడిచి, నీడలో కాకుండా వెలుతురులో చూడు. వేలిగోరును పైనుంచి కిందికి మెల్లగా లాగు. గోరు తట్టుకున్న ప్రతిచోటా గుంత ఉంది. ఆ గుంత సీలు జారే మేరలో ఉందా, దానికి పైన ఉందా అన్నదే ముఖ్యం. పైన టీల మధ్యన ఉంటే పట్టించుకోవద్దు. సీలు జారే చోట చిన్నవి రెండో మూడో ఉంటే అసిటోన్‌తో తుడిచి, రెండు భాగాలు కలిపే గట్టి ఎపాక్సీ నింపి, ఆరాక వెయ్యి, పదిహేను వందలు, రెండు వేల నంబరు ఎమరీ పేపర్లతో నీళ్లు పోస్తూ సమం చెయ్యి. రుద్దడం పైపు చుట్టూ ఉండాలి, నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడి ఆయిల్ పైకి పాకుతుంది.

గుంతలు చేతికి గరుకుగా గుంపులుగా ఉంటే ఎపాక్సీతో సర్దుకోవద్దు. హార్డ్ క్రోము చేయించాలి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ బంపర్లకూ సైలెన్సర్లకూ మెరుపు క్రోము పెట్టే చోటికి దీన్ని ఇవ్వకు, ఆ పొర అందానికే, సీలు రాపిడికి నిలవదు. హైడ్రాలిక్ రాడ్లకు క్రోము చేసే వాళ్ల దగ్గర పాత క్రోము తీయించి, కొత్తది మందంగా పెట్టించి, గ్రైండింగ్ చేయించి అసలు కొలతకు తెప్పించుకోవాలి. చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడ వైపు ఇలాంటి పని తీసుకుంటారు. ఇచ్చే ముందు పైపు వ్యాసాన్ని, తుప్పు పట్టని పై భాగంలో, మైక్రోమీటరుతో కొలిపించి కాగితం మీద రాసివ్వు.

పైపు వంగిందా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్రానైటు పలక మీద దొర్లించు, కుప్పం ఉన్న చోట మనకు గ్రానైటుకు కొదవా, వంటింటి గట్టు చాలు. పైపు కింద వెలుతురు ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంటే వంకర ఉంది. ఖచ్చితంగా తెలియాలంటే లేత్ షాపులో వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో చూపించు. చాలా కంపెనీల మాన్యువళ్లలో హద్దు 0.2 మిల్లీమీటరు. కొంచెం వంకరను ప్రెస్సు మీద సరిచెయ్యొచ్చు. మడత పడినట్టు వంగిన పైపును మాత్రం పారెయ్, దాని మీద మనిషి ప్రయాణించకూడదు. కింది టీ పట్టుకునే చోట తుప్పు లోతుగా తిన్నా అంతే, బరువంతా అక్కడే పడుతుంది.

బాటమ్ లోపల స్కాచ్‌బ్రైట్ ముక్కను కర్రకు చుట్టి డీజిల్‌తో తోము, ముతక ఎమరీ వద్దు. సీలు కూర్చునే గుంతలో తెల్ల పొడి ఒక్క రేణువు మిగిలినా కొత్త సీలు పక్క నుంచి కారుతుంది. కొత్త సీలు కోసం పాతదాని మీద ఉన్న మూడు అంకెలు చూడు. ఉదాహరణకు 27, 39, 10.5 అని ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. బేరింగు షాపులో ఆ అంకెలు చెబితే చాలు, బండి పేరు అక్కర్లేదు. అంకెలు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలుచుకో. ఎక్కించేటప్పుడు పైపు పై అంచుకు పాలిథిన్ కవరు తొడిగి, గ్రీజు రాసి జార్చు, లేకపోతే ఆ అంచు సీలు పెదవిని కోసేస్తుంది. దించడానికి సరైన సైజు పీవీసీ గొట్టం, మధ్యలో పాత సీలు పెట్టి సమంగా తట్టు.

గ్రీజు రకమైతే నీటికి కొట్టుకుపోని గ్రీజును స్ప్రింగుకూ బుష్షులకూ పూతగా రాయి. నిండా కూరితే మళ్లీ కదలదు, పైపును బయటికి తోసిన శక్తి ఏదో ఇందాక చూశాం కదా, అదే ఇప్పుడు దాన్ని లోపలికి దిగనివ్వదు. ఆయిల్ రకమైతే 10 గానీ 20 గానీ గ్రేడు ఫోర్కు ఆయిల్ తక్కువగా మొదలుపెట్టి, రెండు వైపులా మిల్లీలీటరు తేడా లేకుండా పోసి, నొక్కి చూస్తూ పెంచుకో.

బిగింపులో ఒక వరస ఉంది. పైపులు టీలో ఎక్కించాక వాటి మీద అడ్డంగా అద్దం ముక్క పెట్టు, నాలుగు చోట్లా ఆని, ఊగకుండా కూర్చోవాలి. తర్వాత చక్రం ఎక్కించి యాక్సిల్ నట్టు బిగించు, యాక్సిల్‌ను పట్టే బోల్టు మాత్రం వదులుగా ఉంచు. స్టాండు తీసి, ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్‌ను ఆరేడు సార్లు కిందికి నొక్కు. బాటమ్‌లు వాటి చోటు అవి వెతుక్కుంటాయి. అప్పుడు ఆ బోల్టు, చివరగా మడ్‌గార్డు బిగించు. వరద నీళ్లు చక్రం బేరింగులకూ బ్రేకు డ్రమ్ముకూ కోన్ సెట్టుకూ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా వెళ్లి ఉంటాయి, చక్రం విప్పినప్పుడే వాటినీ తెరిచి కడిగెయ్.

పని మొదలుపెట్టే ముందు నాకు మూడు విషయాలు చెప్పు: బాటమ్‌కు అయస్కాంతం అంటిందా లేదా, అడుగున ఆలెన్ బోల్టు కనబడిందా, పైపు వ్యాసం వెర్నియర్‌లో ఎంత వచ్చింది. టీల మధ్య పైపు ఫొటో ఒకటి, సీలు దగ్గర ఒకటి పగటి వెలుతురులో తీసి పెట్టు. అవి చూస్తే ఈ పైపు ఎపాక్సీతో బతుకుతుందో, చెన్నైకి పంపాలో చెబుతాను. అప్పటిదాకా ఆ మెకానిక్ మంట దాని దగ్గరికి రానివ్వకు.